పాదరక్షయా, పాదశిక్షయా?

భీమునిపట్నమున మంచు కురియదు. మాఘమాసపు తెల్లవారుజామున గోస్తనీ సాగరసంగమమువద్ద నిలిచినవానికి సైతము ఒక్క ఉత్తరీయము చాలును. ఇట్టి యూర కూర్చుండి చలికిని తడికిని తట్టుకొను తోలుబూట్లను గూర్చి వ్రాయబూనుట చూచి పఠనమందిరములలో పత్రిక తిరుగవేయు పెద్దలు నవ్వుకొందురేమో! “ఎండకు గొడుగును, ఇసుకకు చెప్పును చాలవా? ఈ ప్లీడరుగారికి హిమాలయముల గోల యేల?” అని యందురు. వారిని నేనడుగునది యొక్కటే. మన విశాఖ చేపలరేవునుండియు, మన తీరమునందలి రొయ్యల కార్ఖానాలనుండియు సముద్రములు దాటిపోవు సరుకు ఏ రూపమున పోవుచున్నది? గడ్డకట్టి పోవుచున్నది. మంచు మన ఆకాశమునుండి రాలకపోవచ్చును. మన యంత్రములనుండి రాత్రింబవళ్ళు రాలుచున్నది. ఆ మంచులో నిలిచి పనిచేయువారు మన వీధివారే.

రొయ్యల యెగుమతిలో దేశమునకెల్ల ఆంధ్రప్రదేశమే మొదటిదని సభలలో చెప్పుకొని సంతోషించుచున్నాము. సంతోషింపదగినదే. కాని గడ్డకట్టించిన రొయ్యను సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నిలువయుంచవలెను. గడ్డకట్టించు యంత్రపు గదులలో ఆ చలి సున్నకు దిగువ 40 డిగ్రీలవరకును పోవును. తల తీయుట, ఒలుచుట, కడుగుట, తూచుట మొదలగు పనులు జరుగు సాలలలో అంతటి చలి లేదు. అయినను నేల యెల్లప్పుడును తడి. తడి యనగా వాన తడి కాదు, మంచు కరగిన నీరు. ఆ నీటిలో పూట పూటంతయు నిలువబడువారు చాలవరకు స్త్రీలు. లంబసింగి చలి చూచివత్తమని సెలవులు పెట్టి మోటారులలో పోవువారు పోవుచునే యున్నారు. అంతకు మించిన చలిని మన పల్లెపాలెముల ఆడువారు దినకూలికి అనుభవించుచున్నారు.

ఇక్కడ వైద్యశాస్త్రము చెప్పు మాట యొకటి వినవలెను. పాదము చెడుటకు నీరు గడ్డకట్టునంతటి చలి యక్కరలేదు. సున్నకు పైన కొన్ని డిగ్రీలున్నను, గంటలకొలది తడిసియున్న పాదమునందు రక్తనాళములు ముడుచుకొనును. మొదట తిమ్మిరి, పిమ్మట మొద్దుబారుట, చర్మము పాలిపోవుట. ఇంటికి వచ్చి వెచ్చబడిన తరువాత ఎఱ్ఱబారి, వాచి, మంట. 1914–15 శీతకాలమున ఫ్రాన్సు, ఫ్లాండర్సు దేశముల కందకములలో నిలిచిన సైనికులలో వేలకొలది మందికి పట్టిన జబ్బు ఇదియే. కందకపు పాదమని అప్పుడే దానికి పేరు వచ్చినది. గాలికంటె నీరు ఇరువదియైదు రెట్లు వేగముగా వేడిని లాగివేయును గనుక, చలికన్నను తడియే బలమైన శత్రువు. మన స్త్రీలు వైద్యశాస్త్రము చదువలేదు. “కాళ్ళు కొయ్యలైపోతాయి బాబూ” అని చెప్పుదురు. రెండును ఒక్క మాటయే.

రబ్బరు గంబూట్లు ఇచ్చుచున్నారు గదా యందురేమో. ఇచ్చినవారిని నేను తప్పుపట్టను. నీళ్ళు పారించి మందునీటితో నేల కడుగు సాలలలో రబ్బరే తగినది. తోలు అక్కడ నిలువదు. కాని రబ్బరు బయటి నీటిని రానీయనట్లే లోపలి చెమటను పోనీయదు. రెండు గంటలలో పాదము తన చెమటలోనే తడియును. పలుచని రబ్బరు అడుగు నేలచలిని అట్లే పైకి పంపును. చలిని ఆపునది రబ్బరును కాదు, తోలును కాదు. ఉన్నిలోనో కంబళిలోనో చిక్కుకొని కదలకయుండు గాలి. కావున గంబూటునకు లోపల తీసి ఆరవేసుకొనదగిన ఉన్నిపొర యొకటి, మార్చుకొనుటకు మఱియొక జత మేజోళ్ళు ఉండవలెను. శీతలపు గిడ్డంగులలోను, సరుకు ఎక్కించు దిమ్మెలమీదను, ఐసు దిమ్మలు మోయు చోటులను, కొండదారులలోను మాత్రము మంచి తోలుబూటునకు సాటి లేదు. దళసరి తోలు, దానికి పట్టించిన మైనమో నూనెయో, నీరు చొరకుండ ఇరుప్రక్కలను కుట్టివేసిన నాలుక, మందమైన అడుగు, లోపల ఉన్ని. ఇంతకంటె మాయ యేమియు లేదు. మన పల్లెటూరి రైతు కిఱ్ఱుచెప్పులకు ఆముదము పట్టించుట ఏ పుస్తకము చూచి నేర్చుకొన్నాడు?

ఇక నా యనుభవము చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట ఒక మత్స్యకార స్త్రీ తన కుమారుని భుజము పట్టుకొని కుంటుచు నా కచేరీకి వచ్చినది. పదిమందికి తక్కువగా పనిచేయు ఒక షెడ్డులో చేపలను ఐసుతో పెట్టెలకెత్తుట ఆమె పని. పలకమీదనుండి ఐసు దిమ్మ జారి కుడికాలిపై పడినది. వైద్యులు బొటనవ్రేలిని మొదలంట తీసివేసిరి. ఆ సమయమున ఆమె కాళ్ళకున్నవి రబ్బరు చెప్పులు.

యజమాని పక్షమున వచ్చిన వాదము ఇది: “మేము ఉక్కుముక్కు గల బూట్లు ఇచ్చియున్నాము. ఆమె తొడుగుకొనలేదు. కావున మాకు బాధ్యత లేదు.” వాదమునకు ఆధారము లేకపోలేదు. 1923వ సంవత్సరపు పరిహార చట్టమున మూడవ విభాగములోనే ఆ మినహాయింపు ఉండెడిది: రక్షణసాధనమును పనివాడు బుద్ధిపూర్వకముగా తొలగించినను, లెక్కసేయకున్నను, మరణమో సంపూర్ణ శాశ్వత వైకల్యమో కలిగిననే తప్ప, యజమాని పరిహార మీయ నక్కరలేదు. బూట్లు ముట్టినట్లు రిజిస్టరులో ఆమె నిశానీయు నున్నది. కాలి బొటనవ్రేలు పోయినది గాని, చేతి బొటనవ్రేలి ముద్ర మాత్రము కాగితముమీద భద్రముగా నున్నది!

“ఏమమ్మా, బూట్లు ఇచ్చిరా?” అంటిని.

“ఇచ్చారు బాబూ. ఆటేసుకుని నడిస్తే కాలొకదారి, బూటొకదారి ఎల్తాది. ఐసు నీళ్ళమీద జారి పడితే నడుమిరుగుద్దని ఇప్పీసాను.”

ఆ బూట్లను తెప్పించుమని కోరితిని. తెచ్చిరి. అవి మగవారి 9వ నెంబరువి; అందరికిని ఒకే కొలతవి, ఒకే బస్తాలో కొన్నవి. ఆమె కాలు 4వ నెంబరునకు మించదు. బల్లప్రక్కన నిలిచి ఆమె కాలు పెట్టి చూపినపుడు మడమ వెనుక నా నాలుగు వ్రేళ్ళు పట్టినవి. ఎదుటి పక్షపు న్యాయవాది నా మిత్రుడే, మంచివాడే. ఆయనయు తల వంచుకొనెను. అయినను వాదము మానలేదు: “కొలత సంగతి చట్టములో లేదు గదా!” వ్రేలికి వేసిన కాలికి, కాలికి వేసిన వ్రేలికి అను సామెత మా వృత్తివారినిబట్టి పుట్టినదేమో! ఆ వ్యాజ్యము రాజీతో ముగిసినది. ఆమె తరఫున ఎక్కువ రాబట్టలేకపోతినన్న చింత నాకు నేటికిని కలదు. ఇంటిలో పూట గడువనివారు ఎన్ని వాయిదాలు వేచియుండగలరు?

ఆ చట్టపు అనుబంధమున శరీరావయవముల వెలలు పట్టికగా నుండెడివి. కాలి బొటనవ్రేలు మొదలంట పోయిన నూటికి 14. ఇతర వ్రేలొకటి పోయిన నూటికి 3. నలువదియేండ్ల వయసు, నెలకు 10,000 రూపాయల కూలి అనుకొందము. కూలిలో నూటికి 60ని ఆ వయసునకు నిర్ణయించిన 184.17 చేత హెచ్చించి, అందులో నూటికి 14 తీసిన, వచ్చునది సుమారు 1,54,700 రూపాయలు. కొలతకు సరిపోవు మంచి బూట్ల జత వెల రెండు మూడు వేలు. యజమానులు లెక్కలు తెలియనివారు కారు. ఏలయన, ఆ లక్షన్నర ఎప్పుడో, ఎవరికో, దావా వేసిననే. ఆ మూడువేలు నేడే. లెక్క తప్పినది ఇచ్చట.

2025 నవంబరు 21వ తేదీన నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. 1923 పరిహార చట్టమును, 1948 కర్మాగారముల చట్టమును వానిలో కలిసిపోయినవి. పాత కర్మాగారముల చట్టము కన్నులకు ప్రత్యేకముగా ఒక విభాగము నిచ్చినది. పాదములకు అట్టి విభాగము లేదు. బొగ్గుగనుల నిబంధనలు మాత్రము 1957లోనే రక్షణ జోళ్ళు లేనిది ఎవడును గనిలోనికి దిగరాదనియు, వానిని యజమాని ఉచితముగా నీయవలెననియు చెప్పినవి. సింగరేణి కార్మికునికి అట్లు దొరకిన హక్కు చేపలరేవు కూలికి దొరకలేదు. క్రొత్త స్మృతిలో మేలు లేకపోలేదు: కార్మికుని భద్రతకై చేసిన యే యేర్పాటునకును అతనినుండి పైసా వసూలు చేయరాదని స్పష్టముగా నున్నది. అయితే స్మృతి సామాన్యముగా పదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలకే వర్తించును. కర్మాగారమను పేరు రావలెనన్న, యంత్రశక్తి వాడుచోట పూర్వము పదిమంది చాలియుండగా, ఇపుడు ఇరువదిమంది కావలెను. తొమ్మిదిమందితో నడచు ఐసు షెడ్డు మాటయేమి? అపాయకరమగు పనియని కేంద్రప్రభుత్వము ప్రకటించినచోట సంఖ్యతో నిమిత్తము లేదని స్మృతిలోనే యొక కిటికీ విడిచియున్నారు. ఐసు దిమ్మలు మోయుటయు, శీతలపు గిడ్డంగిలో పనిచేయుటయు ఆ జాబితాలో చేర్చుడని మన పార్లమెంటు సభ్యులు, కార్మికసంఘములు అడుగవలసిన సమయ మిదియే. మేడే నాడు జెండా ఎగురవేసిన తరువాత ఈ కాగితము ఎవరైన వ్రాసిన బాగుండును.

అడుగువారు కొలత మాటను మరువరాదు. ఆంగ్లేయులు తెచ్చిపెట్టిన నెంబర్లనే మనమింకను వాడుచున్నాము. ఒక నెంబరునకును మఱియొక నెంబరునకును మధ్య అంగుళములో మూడవవంతు; అది వారి దేశమున యవగింజను కొలగా పెట్టుకొన్న నాటి లెక్క. జెండా దిగినది గాని యవగింజ దిగలేదు. 2021 డిసెంబరు మొదలు 2022 మార్చివరకు దేశమున 79 చోట్ల 1,01,880 మంది పాదములను యంత్రములతో కొలిపించిరి. మదరాసునందలి కేంద్ర చర్మ పరిశోధనాలయము ఈ కార్యమునకు ముందు నిలిచినది. భారతీయుల పాదము ఐరోపా, అమెరికా వారి పాదముకంటె ముందుభాగమున వెడల్పని తేలినది. ఈ కారణముచేతనే మనవారు వెడల్పు చాలక పొడవు ఎక్కువైన జోడు కొని, లోపల కాలు జారుచుండ నడచుచుందురు. వయసు, లింగ భేదములనుబట్టి ఎనిమిది తరగతులుగా ‘భ’ అను పేరుతో క్రొత్త కొలమానమును ప్రతిపాదించిరి. అలంకారపు జోళ్ళకంటె ముందు పనిబూట్లకే దీనిని తప్పనిసరి చేయవలెనని నా మతము. కల్యాణమండపములో బిగువైన జోడును విడిచి ప్రక్కన పెట్టవచ్చును. ఐసు షెడ్డులో విడిచిన జోడునకు వెల బొటనవ్రేలు.

తోలునకును మనకును గల సంబంధము చెప్పుకొన్న సిగ్గు, గర్వము రెండును కలుగును. తంగేడు చెక్కతోను, కరక్కాయతోను దక్షిణదేశమున పదనుచేసిన ఆవుతోళ్ళు మదరాసు రేవునుండి ‘ఈస్టిండియా కిప్పు’ అను పేర సీమకు పోయెడివి. మొదటి మహాయుద్ధమున, 1916లో, ఆంగ్ల ప్రభుత్వము సైనికుల బూట్ల పైతోలుకై ఆ సరుకునంతయు తానే స్వాధీనము చేసికొన్నది. మన పొలముగట్టున పూచిన తంగేడు ఫ్లాండర్సు బురదలో పరుల కాలిని కాచినది. ఆ తోలును పదనుచేసిన మాదిగ సోదరుడో? తాను కుట్టిన చెప్పును తానే తొడిగికొని అగ్రవర్ణముల వీధిలో నడువరాని కాలమది. చెప్పులు చంకన పెట్టుకొని నడచిన ముదుసళ్ళను నా చిన్ననాట ఈ కన్నులతో చూచితిని. పాదుకలకు పట్టాభిషేకము చేసిన కథను ఇంటింట పారాయణ చేయు జాతి, పాదుక చేసిన చేతిని ఊరి వెలుపల నుంచినది. 1955లోను 1989లోను చట్టములు వచ్చినవి; నేడు అట్టి నిషేధము నేరము. కాని తోలుపని నీచమను భావము చట్టముతో పోలేదు. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయి క్షేత్రమున 1910 మొదలు గాంధిగారు చెప్పులు కుట్టుట నేర్చి, నేర్పిరి. తాము కుట్టిన జత నొకటి తమ్ము చెరసాలలో పెట్టించిన స్మట్సు దొరకు 1914లో ఇచ్చిరి. ఆయన దానిని 1939లో సగౌరవముగా తిరిగి పంపెను. గాంధిగారును మా వృత్తివారే గనుక ఈ సంగతి చెప్పుకొనుట నాకు కొంచె మిష్టము.

ఉపాయము చేతిలోనే యున్నది. చర్మ పరిశ్రమకై ప్రభుత్వము స్థాపించిన సంస్థ యున్నది, కుట్టగల చేతులున్నవి, నీటికి ఓర్చు క్రోము తోలున్నది. తెలంగాణమునను, రాయలసీమలోను కురుమల గొంగళ్ళకు కొనువారు తగ్గి ఉన్ని నిలిచిపోవుచున్నది. ఆ ముదుక ఉన్నిని దట్టించి బూటులోపలి పొరగా చేసినచో విదేశపు పేరుగల నురుగుపొరకు ఏమి తీసిపోవును? చేసి చూడవలెను. ప్రభుత్వశాఖలు కొను బూట్లలో కొంత భాగమైనను ఈ చేతులనుండి కొందుమని మాట యిచ్చినచో చేసి చూచువారు దొరకుదురు.

ఉక్కుముక్కు మాట వచ్చినది గనుక ఒక సంగతి. భారత ప్రమాణముల సంస్థవారి 15298 సంఖ్యగల ప్రమాణమున, భద్రతా బూటు ముక్కు 200 జూళ్ళ దెబ్బకు ఓర్వవలెను. అనగా ఇరువది కిలోల బరువు మీటరు ఎత్తునుండి పడినను వ్రేళ్ళు నలుగరాదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో మనవారు 32 మంది ప్రాణములిచ్చిరి. ఆ ఉక్కులో వ్రేలెడంత మన కూలివాని కాలి మీద నుండవలదా? అయితే గడ్డకట్టించు గదిలో ఉక్కుముక్కు చలిని లోనికి లాగును. అచ్చట లోహము కాని గట్టి ముక్కు మేలు. బజారులో ‘సేఫ్టీ’ యని అచ్చువేసిన బూటునెల్ల నమ్మవలదు. ప్రమాణపు ముద్ర చూచి కొనవలెను.

ఇదంతయు రేవుకే కాదు. కొత్తవలస–కిరండూలు రైలుమార్గమున శిమిలిగుడ స్టేషను 997 మీటర్ల ఎత్తున నున్నది. అనంతగిరి వానలలో, పొగమంచులో, కంకరరాళ్ళమీద సుత్తె భుజమున వేసికొని రాత్రి గస్తీ తిరుగు గ్యాంగుమనిషిని, అద్దపు పెట్టెలో కూర్చుండి అరకు చూడబోవువారు ఒక్కసారి కిటికీనుండి చూతురు గాక. కాఫీతోటలలో పండ్లు కోయు గిరిజన స్త్రీల కాళ్ళను చూతురు గాక.

సరిహద్దు మాట చెప్పుకొన్న దుఃఖము హెచ్చును. 1962లో మైదానములనుండి నూలుబట్టలతో, కాన్వాసు జోళ్ళతో హిమాలయమున కెక్కించిన సైనికుల కథ అందరు నెఱిగినదే. అరువదియేండ్ల నాటి మాట యని ఊరడిల్లుదమన్న, 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుంచిన కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్ నివేదికలో, 2015 నవంబరునుండి 2016 సెప్టెంబరువరకు అత్యున్నత ప్రదేశములందలి సైనికులకు క్రొత్త బూట్లు అందక పాతవానినే బాగుచేయించి వాడుకొనిరని వ్రాయబడినది. అట్టి చోటులకు మన ఉత్తరాంధ్ర పల్లెల బిడ్డలును పోవుచున్నారు. ఢిల్లీ కచేరీలో ఒక సంతకము ఆలస్యమైన, శ్రీకాకుళపు కుర్రవాని వ్రేలు నల్లబడును.

ఒక్క సవరణ. మన తెప్పవారికి బూట్లు తొడుగవలెనని ఎవరైన ఉత్సాహపడుదురేమో; వలదు. తెప్పపై నిలుచువాని పట్టు అతని పాదములోనే యున్నది. బోల్తా పడినపుడు నీరు నిండిన బూటు అతనిని ఈదనీయదు. అలివి వల లాగువానికి ఇసుకయే జోడు. ఎవరికి ఏది వలయునో వారినే అడిగి తెలిసికొనవలెను. మా షెడ్డు యజమాని చేయనిది అదియే. తొమ్మిదిమంది కాళ్ళను కొలుచుటకు ఒక దారపుముక్కయు, పావుగంట కాలమును చాలియుండెడివి.

ఆ 9వ నెంబరు బూట్లను తిరిగి తీసికొనిపోవుట కెవ్వరును రాలేదు. నా కచేరీగదిలో చట్టముల బీరువా ప్రక్కన నున్నవి. క్రొత్త కక్షిదారులు కూర్చున్నపుడు ఎవరివని అడుగుచుందురు. మొన్న ఒక ఐసు వ్యాపారి వేరొక వ్యవహారమునకై వచ్చి అట్లే యడిగెను. చెప్పితిని. కొంతసేపు ఊరకుండి, తన షెడ్డులో ఎందరు ఆడువారున్నారో వ్రేళ్ళమీద లెక్కపెట్టుకొనసాగెను.